ఇన్‌స్టాల్ చేసిన పాపానికి

ఇది ఎవరికి రాసుకోవాలో తెలియని ఫిర్యాదు. కరెంటు బిల్లు తప్పుల తడకగా వస్తే ఏఈ గారున్నారు. చెత్త బండి రాకపోతే మున్సిపాలిటీ ఉంది. నా డబ్బుతో కొన్న ల్యాప్‌టాప్ నల్లటి కిటికీ తెరిచి, ‘ఈ సిస్టమ్‌లో స్క్రిప్టులు నడపడం నిషేధం’ అని ఎర్ర అక్షరాలతో నాకే హుకుం జారీ చేస్తే, వెళ్ళి మొరపెట్టుకోవడానికి కౌంటరంటూ లేదు. అందుకని పాఠక మహాశయులకే విన్నవించుకుంటున్నాను.

సంగతి చాలా చిన్నది. మా అపార్ట్‌మెంట్ సంఘంలో అందరూ వద్దన్న కోశాధికారి పదవిని నాకు అంటగట్టారు. నెలకెన్ని నీళ్ళ ట్యాంకర్లు వచ్చాయి, ఏ ఫ్లాటువాళ్ళు మెయింటెనెన్స్ కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు అన్నది ఒక వెబ్ పేజీలో పెట్టి అందరికీ చూపిద్దామనుకున్నాను. మా అమ్మాయి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. “రియాక్ట్‌తో చేసుకో నాన్నా, ఒక్క లైను కమాండ్ కొడితే వచ్చేస్తుంది” అని ఫోన్ పెట్టేసింది.

రియాక్ట్ గురించి వాకబు చేశాను. ఫేస్‌బుక్‌లో పుట్టి, 2013లో లోకానికి ఉచితంగా వచ్చిన లైబ్రరీ. మంచి పేరుంది, పెద్ద బరువూ కాదు. చిక్కంతా దాన్ని నిలబెట్టే సరంజామాతోనే. నాకు దొరికిన పుస్తకంలో ‘క్రియేట్ రియాక్ట్ యాప్’ వాడమని ఉంది. 2016లో వచ్చిన ఆ పనిముట్టుకి 2025 ఫిబ్రవరిలో విశ్రాంతి ఇచ్చేశారట. ఇప్పుడు అందరూ ‘వీట్’ అంటున్నారు. దాన్ని తయారుచేసింది ఎవాన్ యూ. రియాక్ట్‌కి పోటీగా నడుస్తున్న వ్యూ లైబ్రరీని కూడా ఆయనే తయారుచేశాడు. ఈ లోకంలో ఎవరు ఎవరి పక్షమో ఒక పట్టాన తేలదు.

నిషేధాజ్ఞలు సడలింపజేసుకుని, ఎవరెవరో రాసిన కోడ్ ప్యాకేజీలను మోసుకొచ్చే ఎన్‌పీఎంని పిలుస్తూ ‘ఎన్‌పీఎం క్రియేట్ వీట్’ అని కొట్టాను. ఫలానా ప్యాకేజీ ఒకటి తెచ్చుకోవాలి, తమకు సమ్మతమేనా, అయితే ‘వై’ నొక్కండి అంది. ఎంత వినయం! మురిసిపోయి నొక్కాను. తర్వాత ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ అన్నప్పుడు మాత్రం అడగడాల్లేవు, సమ్మతుల్లేవు. వంద పైచిలుకు ప్యాకేజీలు బిలబిలమంటూ దిగిపోయాయి.

‘నోడ్ మాడ్యూల్స్’ అనే ఫోల్డర్ తెరిచి చూశాను. పికోకలర్స్, యాలిస్ట్, ఇంపోర్ట్ ఫ్రెష్... ఒక్క మొహమూ ఎరిగింది కాదు. ‘పేరెంట్ మాడ్యూల్’ అని కనిపిస్తే, వీళ్ళందరికీ పెద్దదిక్కు ఇదేనేమోనని ఆశగా లోపలికి వెళ్ళాను. పట్టుమని యాభై లైన్లు లేవు. అదీ ‘కాల్‌సైట్స్’ అనే మరో ప్యాకేజీ నీడన బతుకుతోంది. ఈ సరంజామా అంతటినీ నడిపించే నోడ్‌ను సృష్టించిన రయన్ డాల్ 2018లో బెర్లిన్ సభలో, నోడ్ విషయంలో తాను పశ్చాత్తాపపడే సంగతులు పదింటిని ఏకరువు పెట్టాడు. ఈ ఫోల్డర్ అందులో ఉంది. కన్నవాడే చెంపలేసుకున్నది ఇప్పుడు నా సీ డ్రైవులో కాపురం ఉంటోంది.

చిన్నవే కదా, పడుంటాయిలే అంటారా? లెఫ్ట్‌ప్యాడ్ కథ వినండి. మొత్తం 11 లైన్లు. 7ను 007గా చూపాలంటే ఎడమపక్కన సున్నాలు తగిలించడం దాని ఉద్యోగం. 2016 మార్చిలో, వేరే ప్యాకేజీ పేరు మీద వచ్చిన తగాదాలో దాని రచయిత అలిగి, తన ప్యాకేజీలు 250కి పైగా వెనక్కి తీసేసుకున్నాడు. సున్నాలు పెట్టే దిక్కులేక రియాక్ట్, బేబెల్ సహా ఎక్కడెక్కడి ప్రాజెక్టులూ చతికిలబడ్డాయి. ఎన్‌పీఎం వాళ్ళు ఆదరాబాదరా ఆ పదకొండు లైన్లనూ మళ్ళీ ప్రతిష్ఠించారు.

అలిగితే అదీ గతి. మోసపోతే మరొకటి. 2025 సెప్టెంబరులో చాక్, డీబగ్ వంటి ప్యాకేజీలను చూసుకునే ఒకాయన్ని దొంగ ఈమెయిలుతో బోల్తా కొట్టించి, వాటిలో క్రిప్టో సొమ్ము దారి మళ్ళించే కోడ్ దూర్చారు. ఆ రెండు పేర్లూ నా ఫోల్డర్లో ఉన్నాయి. తర్వాత శుభ్రం చేసిన సరుకేనట. అయినా రాత్రిళ్ళు ల్యాప్‌టాప్ మూత వేసి, దాని మీద నిఘంటువు పెడుతున్నాను.

ఇంత హంగామా తర్వాత బ్రౌజర్‌లో ప్రత్యక్షమైంది రెండు లోగోలు, ‘కౌంట్ ఈజ్ 0’ అనే ఒక బటన్. నొక్కితే 1, మళ్ళీ నొక్కితే 2. ట్యాంకర్ వచ్చినప్పుడల్లా ఒక నొక్కు నొక్కుదామా అనుకున్నాను. పేజీ రిఫ్రెష్ చేస్తే తిరిగి 0. సంఘం లెక్కల్లో ఈ పద్ధతి మునుపే అమల్లో ఉంది. దానికి నోడ్ అక్కర్లేకపోయింది.

అసలు దెబ్బ చివర్లో. టెర్మినల్ అడుగున ఒక లైను: ఇన్ని ప్యాకేజీలు నిధుల కోసం ఎదురు చూస్తున్నాయి, వివరాలకు ‘ఎన్‌పీఎం ఫండ్’ కొట్టండి. కోర్ జేఎస్ అనే పేరుమోసిన ప్యాకేజీ రాసినాయన, అది ఇన్‌స్టాల్ అయిన ప్రతి తెర మీదా తనకో మంచి ఉద్యోగం కావాలని కొన్నాళ్ళు విన్నపం పెట్టుకున్నాడట. లోకమంతా వాడుకునే సరుకు రాసినవాడికి ఆ గతేమిటని జాలేసింది. జాలికి ఖర్చు లేదు గనక బాగానే వేసింది.

చందా అంటారా, నేనెందుకు కట్టాలి? వీళ్ళని రమ్మని నేను పిలిచానా? నాది బుల్లి పేజీ, నెలకోసారి చూసుకునేది. వాడేదంతా పెద్ద పెద్ద కంపెనీలు, ముందు వాళ్ళ దగ్గర వసూలు చేయండి. పైగా వార్నింగులు ఇంకా వస్తూనే ఉన్నాయి. పని సవ్యంగా జరిగితే కదా డబ్బుల మాట? అందరూ కట్టాక అప్పుడు చూద్దాం.

ఉంటాను, పనుంది. ‘లిఫ్టు మేం ఎక్కం, మేమెందుకు కట్టాలి’ అంటూ గ్రౌండ్ ఫ్లోరువాళ్ళు మళ్ళీ మొదలెట్టారు. ఉమ్మడి ఖర్చు అంటే ఏమిటో తెలియని మనుషులు. పేజీ తయారు కాగానే అన్నిటికంటే పైన పెట్టేది వాళ్ళ పేర్లే, ఎర్ర అక్షరాల్లో.