మర్రి ఉస్తాద్

చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో జరిగిన బస్సు ప్రమాదం మీద దర్యాప్తు ముగిసింది. టీవీల్లో లెండి. దోషి కూడా దొరికాడు. పేరు మర్రి, వయసు నూరు పైమాటే, చిరునామా మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డుకు రెండు పక్కలా. ఈ చెట్లు అడ్డం పడకపోతే రోడ్డు ఎప్పుడో నాలుగు వరుసలయ్యేదట. అయ్యుంటే కంకర టిప్పర్ తాండూరు బస్సు మీదికి వచ్చేదే కాదట. ఎటు తిప్పినా తప్పు చెట్టుదే. కదలకుండా నిలబడ్డవాడి మీద కేసు పెట్టడం మనకు కొత్త కాదు కనక నేను ఆశ్చర్యపోలేదు.

నా బాధల్లా ఒకటే. అంత అనుభవమున్నవాణ్ని ముద్దాయిని చేస్తారా? పిలిచి ఉద్యోగమివ్వాలి గానీ!

లారీ నడపడం నేర్పే మనిషికి ఎంత అనుభవముండాలో మన చట్టం ఎప్పుడో తేల్చేసింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 24వది తీసి చూడండి. పదో తరగతి పాసవ్వాలి, మోటారు మెకానిక్ కోర్సు సర్టిఫికెట్ ఉండాలి, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం ఉండాలి. ఏ బండి మీద ఐదేళ్లన్నది ఆ వాక్యంలో లేదు. ఆఫీసుకూ ఇంటికీ మధ్య మారుతి నడిపినా ఐదేళ్లు ఐదేళ్లే, అర్ధరాత్రి కంకర లోడుతో వికారాబాద్ రోడ్డెక్కినా ఐదేళ్లే. 2021లో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకని కొత్త నిబంధనలు తెచ్చారు. పదో తరగతి కాస్తా ఇంటర్ అయింది. భారీ వాహనాలు నేర్పే చోటుకు రెండెకరాల స్థలం కావాలన్నారు. అనుభవం మాత్రం ఐదేళ్ల దగ్గరే ఆగిపోయింది. స్థలం విలువ పెరిగినంతగా అనుభవం విలువ పెరగదు, రంగారెడ్డి జిల్లావాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా?

ఐదేళ్లే చాలనుకుంటే నూరేళ్లవాడు దొరకడం అదృష్టం కాదా? కాబట్టి మర్రిని ఇంటర్వ్యూకు పిలిచారనుకుందాం.

"పదో తరగతి మెమో ఉందా?"

"నా నీడల బడి నడిచింది సార్. పది పాసయినోళ్లు మస్తుమంది ఉన్నరు. మెమో వాళ్లకిచ్చిన్రు, నాకియ్యలే."

"మెకానిక్ సర్టిఫికెట్?"

"పంక్చర్ దుకాణం నా మొదట్లనే. జాకీ పెట్టుడు, టైరు ఇప్పుడు పొద్దుందాక చూస్తనే ఉంట."

"డ్రైవింగ్ అనుభవం?"

"నిజాం సర్కారు 1932ల బస్సులు మొదలువెట్టిన జమానా నాది. అప్పటిసంది మోటార్లనే చూస్తున్న."

"చూస్తే సరిపోదయ్యా, నడపాలి."

"ఇప్పుడు నేర్పుతున్నోళ్లు నడిపిందెంత, పక్క సీట్ల కూసోని చూసిందెంత, మీకు తెల్వదా సార్?"

అధికారి దగ్గి, కాగితం తిప్పాడు. "బ్రేకు పాఠం చెప్పగలవా?"

"2024 డిసెంబర్ 2న ఆలూరు కాడ కూరగాయలు అమ్ముకునేటోళ్ల మీదికెళ్లి లారీ పోయింది. నలుగురు సచ్చిపోయిన్రు. ఆ లారీని ఆపింది బ్రేకు కాదు సార్, చెట్టు."

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మీవాళ్లు కొందరి మీద బదిలీ ఉత్తర్వులున్నాయే!"

"ఎరికే సార్. కూకటివేళ్లతోని."

ఎంపికైంది. తొమ్మిది వందల పైచిలుకు మర్రిచెట్లకు మూకుమ్మడిగా ట్రైనర్ పోస్టులు. దేశంలో 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిగా నితిన్ గడ్కరీ గారే చెప్పారు. అంటే చెట్టుకు సుమారు రెండున్నర వేల మంది శిష్యులు. జీతం అడగదు, సెలవు పెట్టదు, తాగి రాదు. లంచం ఇద్దామన్నా జేబు లేదు. ఈ చివరి లోపం వల్లే నియామకం ఆగిపోతుందేమోనని నా అనుమానం.

ఎందుకంటే ఇప్పటి పద్ధతి వేరు. కుర్రాడు క్లీనర్‌గా ఎక్కుతాడు. అద్దాలు తుడుస్తాడు, టీ తెస్తాడు, వెనక్కి తీసేటప్పుడు బాడీ మీద కొడుతూ "రానీ, రానీ" అంటాడు. ఒక రాత్రి ఉస్తాద్‌కు నిద్రొస్తుంది. స్టీరింగ్ చేతికొస్తుంది. శిక్షణ అయిపోయింది. ఆ ఉస్తాద్ ఎవరంటారా? మొన్నటి క్లీనర్. గుర్తింపు కేంద్రంలోనైతే హెవీ డ్రైవింగ్ కోర్సు ఆరు వారాలు, 38 గంటలు. అంతసేపు ఎవరు కూచుంటారు, పైగా ట్రిప్పుల లెక్కన డబ్బులొచ్చే చోట! హెవీ లైసెన్సుకు డ్రైవింగ్ స్కూలు వాళ్లిచ్చే ఫారం 5 కావాలి కదా అంటారేమో. కావాలి. ఇతనికి ఇన్ని రోజులు నేర్పాం, బండి నడపగలడు అని రాసిన కాగితం అది. బండి ఎక్కకుండానే ఆ కాగితం ఎంతకు దొరుకుతుందో లైసెన్సు తీసుకున్న ప్రతివాడికీ తెలుసు. ఇచ్చేవాడికీ తెలుసు, తీసుకునేవాడికీ తెలుసు.

2025 నవంబర్ 3, సోమవారం పొద్దున. ఆదివారం ఇంట్లో గడిపి హైదరాబాద్ కాలేజీలకు తిరిగి బయల్దేరిన పిల్లలున్నారు ఆ తాండూరు బస్సులో. ఒకే ఇంటి అక్కచెల్లెళ్లు ముగ్గురున్నారు. టిప్పర్‌లోని కంకర వాళ్ల మీద కుప్పగా పడింది. 19 మంది పోయారు. రెండు బండ్ల డ్రైవర్లూ పోయారు. చనిపోయిన డ్రైవర్‌ను తిట్టడం సులువు, ఎదురు చెప్పడు. చెట్టును తిట్టడం ఇంకా సులువు. రోడ్డు వెడల్పు కావాల్సిందే, కాదన్నవాణ్ని కాను. కానీ సరిగా నేర్వనివాడికి నాలుగు వరుసలిస్తే ఏమవుతుంది? ఇంకాస్త వేగంగా వచ్చి గుద్దుతాడు. ప్రాణానికి పరిహారం ఎంతన్నది వెంటనే ప్రకటించారు. టన్నులకొద్దీ బరువు చేతికిచ్చే ముందు ఎవరు నేర్పారు, ఎన్ని గంటలు నేర్పారు, నేర్పినవాడు తన జన్మలో లోడు లారీ ఎన్నాళ్లు నడిపాడు? ఈ మూడు ప్రశ్నలు ఒక్క అధికారి నోట రాలేదు, ఒక్క స్టూడియోలో వినపడలేదు. సిగ్గనిపించదా మనకు?

రవాణా శాఖవారికి ఒక్కటే మనవి. ఇకమీదట ప్రాణాలు పోయిన ప్రతి లారీ ప్రమాదం నివేదికలోనూ డ్రైవర్ పేరు కింద, ఫారం 5 మీద సంతకం పెట్టినవాడి పేరు, అతని అనుభవం కూడా అచ్చు వేయండి.