దారంతో డాలస్

ఏమోయ్ కుర్రాడా, ఆ ఫోను కాస్త పక్కన పెట్టి విను. శంషాబాద్ నుంచి డాలస్ ఎంత దూరంరా అని మా మనవణ్ణి అడిగాను. అడగడం నాదే తప్పు. తలైనా ఎత్తకుండా "14,400 కిలోమీటర్లు, 16 గంటలు తాతయ్యా" అనేశాడు. దూరమంటే కళ్లు మూసుకుని, వేళ్లు ముడిచి, కాసేపు తంటాలు పడి చెప్పాల్సిన సంగతి కాదూ?

మా తాత ఆమడల్లో చెప్పేవాడు. ఆయన లెక్కలో ఆమడంటే ఎనిమిది మైళ్లు, ఎద్దులు ముసలివైతే పది. డాలస్ పదకొండు వందల ఆమడల పైమాటే. "ఇంకెంత దూరం" అని రెండోసారి అడిగితే బండి దింపేసేవాడు.

మా బళ్లో లెక్కల మేస్టారు గ్లోబు మీద దారం పట్టించేవారు. నడుం చుట్టూ 96 సెంటీమీటర్లు వస్తే అది భూమి చుట్టుకొలత, 40 వేల కిలోమీటర్లు. ఇక ఏ రెండు ఊళ్ల మధ్యనైనా దారం బిగలాగడం, స్కేలు మీద కొలవడం, త్రైరాశికం కట్టడం. మొన్న పంతం పట్టి అటక మీంచి గ్లోబు దింపాను. దారం రీలు మా ఆవిడ కుట్టుపెట్టెలోది, అడగలేదు. గోడపటం చూసిన అలవాటుకొద్దీ ఐరోపా, అట్లాంటిక్ మీదుగా పోతుందనుకున్నా. బిగలాగేసరికి జారి జారి ఉత్తర ధ్రువం పక్కకెళ్లి కూర్చుంది! అక్కడ గ్లోబు బోల్టొకటి అడ్డం. మనం తూర్పున 78 డిగ్రీలు, వాళ్లు పడమట 97, కలిపితే 175, ఇంచుమించు అవతలి పక్క. దగ్గరిదారి భూమి నెత్తిమీదుగానే మరి. ఇదంతా ఆ ఫోను చెప్పిందా? (గీత గీసి మరీ చూపించింది. అది వేరే సంగతి.)

16 గంటలట! గంటకు 900 చొప్పున భాగించడం నాకూ వచ్చు. మా అమ్మాయి దుబాయ్‌లో విమానం మారి వెళ్లింది, దారే ఇంకో వెయ్యి కిలోమీటర్లు పెరిగింది. అక్కడ కునికిన నాలుగు గంటలూ, ఇక్కడ తూకం ఎక్కువైందని పెట్టెలు నేలమీద విప్పి గోంగూర సీసాలు అటూ ఇటూ మార్చిన అరగంటా ఏ ఖాతాలో వేస్తావు? పైగా తెల్లవారుజామున ఎక్కి అదే రోజు మధ్యాహ్నం దిగానంది. మన గడియారం కాకినాడ పక్కగా పోయే 82న్నర డిగ్రీల గీతది, వాళ్లది పడమట 90ది. మొత్తం 172న్నర. 15 డిగ్రీలకో గంట చొప్పున పదకొండున్నర గంటల తేడా. ఎండాకాలమైతే పదిన్నర. ఏటా గడియారం ముందుకూ వెనక్కూ తిప్పుకునేవాళ్లతో ఏం మాట్లాడతాం!

నా దారం 35 సెంటీమీటర్లొచ్చింది. త్రైరాశికంలో 14,583. "183 ఎక్కువ తాతయ్యా" అని మనవడు ఒకటే నవ్వు. ఎక్కువ కాదేమిట్రా, బోల్టు చుట్టి రావద్దూ? విమానానికి బోల్టు అడ్డం రాదనుకో. ఉండు, మా ఆవిడ రీలు వెతుక్కుంటోంది.