చుట్టపుచూపు డ్రైవింగ్

అమెరికా బయల్దేరే ముందు హైదరాబాదులో 1,000 రూపాయల ఫీజూ, పైన సర్వీసు ఛార్జీ కట్టి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాను. బండి ఎక్కించలేదు, ఎనిమిది వేయించలేదు. పాస్‌పోర్టు, వీసా, లైసెన్సు చూసి ఏడాదిపాటు చెల్లే చిన్న పుస్తకం చేతిలో పెట్టారు. అది నా లైసెన్సుకి అనువాదమట. అసలు లైసెన్సే ఇంగ్లీషులో ఏడ్చింది కదా అని అడగబోయి ఊరుకున్నాను. కౌంటర్ల దగ్గర తర్కం మాట్లాడే వయసు దాటిపోయింది నాకు.

ఈ పుస్తకానికి మూలం 1949 నాటి జెనీవా ఒప్పందం. ఒకచోట బండి నడపడం వచ్చినవాడికి ఇంకోచోటా వచ్చినట్టేనని ఆ పెద్దలు నమ్మారు. పాపం, వాళ్లెవరూ కూకట్‌పల్లి చూసి ఉండరు.

తీరా ఫ్రీమాంట్‌లో దిగాక అల్లుడు చల్లగా చెప్పాడు: “కాలిఫోర్నియాలో ఆ పుస్తకం అక్కర్లేదు మామయ్యా. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి సొంత దేశపు లైసెన్సు చాలు.”

“మరి నీకో?” అన్నాను. మొహం దించుకున్నాడు. అక్కడ కాపురం పెట్టినవాడు 10 రోజుల్లో అక్కడి లైసెన్సు తెచ్చుకోవాలి. హైదరాబాదులో పదేళ్లు నడిపిన మనిషి మళ్లీ పరీక్ష రాసి, రోడ్డు మీద నడిపి చూపించి, మొదటిసారి తప్పాడు కూడా. స్టాప్ బోర్డు దగ్గర బండిని నెమ్మది చేశాడు గానీ పూర్తిగా ఆపలేదట. అంటే ఉండి నేర్చుకునేవాడికి పరీక్ష, ఏమీ తెలియకుండా మూణ్ణెల్లుండి పోయేవాడికి తాళాలు. ఈ న్యాయం ఎవరు కనిపెట్టారో గానీ నాకు భలే నచ్చింది.

మొదటి మలుపులో సిగ్నల్ ఇద్దామని కుడిచేతి పక్కనున్న మీట లాగాను. ఆకాశంలో మబ్బుతునక లేదు; వైపర్లు మాత్రం టకటకా ఆడాయి. మన కార్లలో కుడిచేతికి అందే ఇండికేటర్ అక్కడ ఎడమచేతికి మారింది మరి. తర్వాత నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలి. లైటు లేదు, పోలీసు లేడు. ముందొచ్చి ఆగినవాడు ముందు కదలాలి. మన కూడళ్లలో అందరూ ముందొచ్చినవాళ్లే కాబట్టి నాకీ లెక్క ఎప్పుడూ అవసరం పడలేదు. ఎదురుగా ఒక పెద్దావిడ రోడ్డు దాటబోతోంది. “జాగ్రత్తమ్మా” అన్న అర్థంలో చిన్నగా హారన్ కొట్టాను. మన ఊళ్లో అది పలకరింపు, అక్కడ తిట్టు. ఆవిడ నడిరోడ్డు మీద ఆగి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. పుస్తకం తిరగేశాను. పేరుకి అనువాదం ఉంది, పుట్టినతేదీకి ఉంది, హారన్‌కి లేదు.

మొన్న సంక్రాంతికి అల్లుడు హైదరాబాదు వచ్చాడు. ఇక్కడి లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయింది. అక్కడి మోటారు క్లబ్బు ఇచ్చిన పర్మిట్ పుస్తకం తెచ్చుకున్నాడు. నా కారు తాళాలిచ్చి పక్కన కూర్చున్నాను. కూకట్‌పల్లిలో ఒక మలుపు దగ్గర ఆపేశాడు.

“రోడ్డు దాటేవాళ్లంతా దాటాక కదులుదాం మామయ్యా.”

అప్పుడు టైము పదిన్నర. కాసేపటికి మా ఆవిడ ఫోన్ చేసి భోజనానికి వస్తున్నారా అని అడిగింది. మధ్యాహ్నానికా, రాత్రికా అని అడిగాను.