బండిసాల ఆత్మకథ

విజయనగరమునకును విశాఖపట్టణమునకును నడిమి మజిలీయైన తగరపువలసలో, మదరాసు నుండి కలకత్తాకు పోవు రాజమార్గము ప్రక్కను, భీమునిపట్టణపు దారి చీలు కూడలికి చేరువను నిలిచియున్న బండిసాలను నేను. సున్నముతో పేర్చిన రాతిగోడలు, రెండు బండ్లు జోడుగా దూరునంతటి వాకిలి, తాటాకు కప్పు, పెరటిలో నొక నుయ్యి, గోడకావలి ప్రక్కను కమ్మరికొలిమి: ఇవియే నా యాస్తిపాస్తులు. గోస్తని నదిని దాటి భీమునిపట్టణపు రేవునకు పోవు సరకుబండ్లు రాత్రివేళ నాయొద్ద విడియుచుండెను. ఎడ్లకు కుడితియు, గుర్రములకు ఉలవలును, ఇరుసులకు ఆముదపు కందెనయు నిచట దొరకుచుండెను.

1893-96 సంవత్సరముల నడుమ తూర్పుతీరపు రైలుమార్గము తెరువబడెను. అది విజయనగరము మీదుగా వాల్తేరునకు పోయెనే కాని తగరపువలసను తాకలేదు. దూరపు సరకు రైలెక్కుటతో రేవు వన్నె తగ్గెను, నా ముంగిట బండ్లును పలుచబడెను. ఎవరును విడియని మజిలీకి మిగులు బ్రదుకెట్టిదో నాడు నేనెరిగితిని. రైలు విడిచిన యూళ్లను కలుపుటకై మోటారుబస్సులు వచ్చినప్పుడు గాని నాకు మరల ప్రాణము రాలేదు.

మోటారు నన్నే యేల యెన్నుకొనెనని మీరడుగవచ్చును. దానికి వలయునవన్నియు నాయందు ముందే యుండెను. బండికై పెట్టిన వాకిలి బస్సునకు సరిపోయెను. గుర్రములు త్రాగిన నూతినీరే మరుగుచున్న రేడియేటరును చల్లార్చెను. ఇనుపపట్టాను ఎఱ్ఱగ కాల్చి, కొయ్యచక్రమునకు తొడిగి, నీరు చల్లి బిగించు కమ్మరి విరిగిన కమానుపట్టీలను సరిచేయ నేర్చెను. ఓడలలో వచ్చిన ఛాసిస్సుపై టేకుచట్రము నిలిపి బస్సునకు దేహమిచ్చినవాడు బండ్లు చేసిన వడ్రంగియే. జట్కా తోలినవాని కొడుకు డ్రైవరాయెను. మారినది నా కప్పొక్కటియే: రెండు గాలనుల డబ్బాలలో పెట్రోలు వచ్చి నిలువయుండు చోట తాటాకు ప్రమాదమని తలచి, దానిని తీయించి మంగుళూరు పెంకు వేయించిరి.

ఇది మా యూరి విశేషము మాత్రమే కాదు. 1888లో జర్మనీ దేశమున బెర్తా బెంజి తన భర్త నిర్మించిన మోటారుబండిలో మాన్‌హైము నుండి ఫోర్జుహైమునకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించినప్పుడు, ఇంధన మమ్మినది యొక మందులకొట్టు, గొలుసు బాగుచేసినది కమ్మరి, బ్రేకులకు తోలు తొడిగినది చెప్పులు కుట్టువాడు. పుట్టిన యంత్రమునకు మంత్రసానులు ప్రాతవృత్తులవారే. కందెన మాట చెప్పెదను: బండియిరుసునకు మేము పూసిన యాముదమే తొలినాటి పందెపు మోటార్లకును విమానపు ఇంజనులకును కందెనయై పనిచేసినది.

తెల్లవారుజామున నా ముంగిట బస్సు ఇంజనును కదల్చిన తీరును నేటికిని మఱవజాలను. మేస్త్రీ స్పార్కు మీటను వెనుకకు దింపి, హాండిలును ముక్కున దూర్చి, బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్లతో నొకేవైపున నుంచి, క్రిందినుండి పైకి లాగుచుండెను. బొటనవ్రేలిని చుట్టి పట్టినచో, ఇంజను ఎదురుతన్నిన వేళ మణికట్టు విరుగవచ్చును. ఈ యొక్క పాఠమును చేతితో చూపి నేర్పిన పిమ్మటనే యతడు క్లీనరు కుఱ్ఱవానికి హాండిలు నిచ్చెడివాడు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేయగా, మూటలతో, పిల్లలతో పల్లెలకు తరలిపోవు జనమును నా వాకిలి చూచినది. యుద్ధకాలమున పెట్రోలు కఱవై, బస్సుల వెనుక బొగ్గునుండి ఇంధనవాయువును పుట్టించు పొయ్యిలు అమరినవి. బయలుదేరుటకు ముందు విసనకఱ్ఱ యంత్రమును త్రిప్పి నిప్పు రాజేయవలెను. ఆ వాయువునకు పెట్రోలునకున్నంత బలము లేదు కావున మెట్టదారిలో ప్రయాణికులు దిగి నడువవలసివచ్చెడిది. అట్టి కాలమున ప్రక్క కొలిమివాని నిప్పెరిగిన నేర్పు బస్సునకు మరల నక్కఱకు వచ్చెను.

1958లో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన పిదప, క్రమముగా బస్సులు ప్రభుత్వపు డిపోలకు చేరెను. నాకు లారీలును, వాటి వెనుక ఆటోలును మిగిలినవి. చిట్టివలస జనపనారమిల్లు 2009లో మూతపడగా దాని సరకు మోయు లారీల రాకయు సన్నగిల్లెను. రహదారి మాత్రము నానాటికి వెడల్పగుచున్నది.

భీమునిపట్టణమున డచ్చివారి సమాధులను చూచుటకు దూరదేశములవారు వచ్చెదరు, రావలసినదే. అయితే చచ్చినవారి రాళ్లకు దొరకిన మన్నన, బ్రదుకుతెఱువు నేర్పిన గోడలకు దొరకకుండుట న్యాయము కాదు. విశాఖ నేడు ఓడలకు, ఉక్కునకు పేరొందిన నగరము. దాని చుట్టుపట్ల యంత్రమును తొలుత మచ్చిక చేసిన చేతులు నావంటి సాలలలో పనిచేసినవి. రహదారికై నన్ను తొలగింపవలసియున్నచో తొలగింపుడు. అంతకు ముందొక విద్యార్థిని పంపి నా వాకిలి వెడల్పును, కొలిమి తావును, నూతి లోతును కొలిపించి వ్రాయింపుడు. ముదుసలి మేస్త్రీలను కూర్చుండబెట్టి వారి పనితీరు నడిగింపుడు. నేను తొలగిపోయినను, ఆ విద్య యెవరినుండి యెవరికి వచ్చినదో రాబోవు పనివారికి తెలియవలెను.