ఎనిమిది వేసినవాడికి ఎల్లల్లేవు

ఇసుకలో పాతిన కర్రల మధ్య, కాలు కింద ఆనకుండా స్కూటరు ఎనిమిది తిప్పాను. తర్వాత కారుతో వెనక్కీ ముందుకీ హెచ్ వేశాను. ఇన్‌స్పెక్టరుగారు తలెత్తకుండా టిక్కు పెట్టారు. అంతే, కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా బండి తోలే అర్హత వచ్చేసింది. లడఖ్ మంచులో, ముంబై వానలో, బెంగళూరు ట్రాఫిక్‌లో ఏ రాష్ట్రమూ ‘నీకు నడపడం వచ్చా?’ అని మళ్లీ అడగదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 13వ సెక్షన్‌లో అలా దీవించింది. ఎల్‌ఎల్‌ఆర్‌కీ అదే వరం. నడపడం ఇంకా రాదని కాగితం మీద ఒప్పుకున్నవాడు కూడా దేశమంతా చెల్లుతాడు. కారుకు ఎల్ బోర్డు, పక్క సీట్లో లైసెన్సున్న మనిషి ఉంటే చాలు.

అమెరికాలో మన పిల్లలకు ఈ భోగం లేదు. కాలిఫోర్నియాలో కాపురం పెట్టిన 10 రోజుల్లో ఆ రాష్ట్రం లైసెన్సు తీసుకోవాలి, టెక్సస్‌లో 90 రోజుల్లో. మనిషి మీద అంత అనుమానం మనకు లేదు.

మన అనుమానమంతా ఇనుము మీద. జగ్గయ్యపేట దాటి కోదాడలో చక్రం మోపగానే నా కారు పరాయిదైపోయింది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోకముందు అదే రోడ్డు మీద అదే నంబరుతో ఇంటల్లుడిలా తిరిగేది. ఇప్పుడు 12 నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు వేయించాల్సిందే. ముందు పాత ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, దానికి ఫారం 28. దాని మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దినట్టు, బానెట్ ఎత్తి, గ్రీజులో మోచేతులు ముంచి, పెన్సిలుతో రుద్దాలి. అంకెలన్నీ తేలతాయి, చివరిది తప్ప.

తర్వాత లైఫ్ ట్యాక్స్.

“కొన్నప్పుడు కట్టిందీ లైఫ్ ట్యాక్సే కదయ్యా?” అన్నాను బ్రోకరుతో.

“అది అక్కడి జన్మకి సార్. ఇది ఇక్కడి జన్మకి.”

వేదాంతం ఇంత సులువుగా నాకెవరూ చెప్పలేదు. పాత జన్మలో మిగిలిన ఆయుష్షుకు డబ్బు వాపసు కావాలంటే, కొత్త జన్మ ఎత్తినట్టు రుజువు పట్టుకుని వెనక్కెళ్లి దరఖాస్తు పెట్టుకోవాలి.

కిటుకు రాజ్యాంగంలోనే ఉంది. వాహనాల మీద పన్ను రాష్ట్రాల జాబితాలో 57వ అంశం. లైసెన్సు ఫీజు వందల్లో ఉంటుంది, లైఫ్ ట్యాక్స్ వేలు దాటి లక్షల్లోకి పోతుంది. కాబట్టి వందలిచ్చే నేను భారతీయుణ్ని, లక్షలిచ్చే నా కారు ప్రాంతీయురాలు. దీనికి మందుగా 2021లో బీహెచ్, అంటే భారత్, నంబరు తెచ్చారు. ప్రభుత్వోద్యోగులకూ, సైన్యంలో ఉన్నవాళ్లకూ, కనీసం 4 రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకూ ఇస్తారు. ఒక్క వీధిలో కిరాణా కొట్టు పెట్టుకున్నవాడు ఆ భారత్‌లోకి రాడు.

కొత్త ఆఫీసులో కారు నిలిపి, కౌంటరు దగ్గర అడక్కుండానే లైసెన్సు తీశాను. అందులోని ఫోటోలో నాకు జుట్టుంది, కళ్లద్దాలు లేవు.

“అదక్కర్లేదు, లోపల పెట్టేయండి,” అన్నాడు గుమాస్తా, కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తూ. “పెన్సిల్ ప్రింటులో చివరి అంకె పడలేదు. మళ్లీ రుద్దుకురండి.”