కూత కూడా కొనుక్కోవాలా?

శ్రీకాకుళం జిల్లా నిమ్మాడ జంక్షన్‌లో టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఫోనులో తుపాకీ పేలుస్తున్న పదమూడేళ్ల గుంటడికి రోజుకు ఏడు వేల రూపాయల దాకా ఖర్చు పెట్టుకునే సౌకర్యం ఉందని ఊళ్లో ఎంతమందికి తెలుసో! వాళ్ల నాన్నకు తెలిసి ఉండదు. తెలిస్తే ఆ ఏడు వేలూ ఎక్కడివని గుంటడి వీపునే అడిగి ఉండేవాడు.

ఈ సౌకర్యం కల్పించిన ఆట బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. మన కుర్రాళ్ల నోట బీజీఎంఐ. 2020 సెప్టెంబరు 2న పబ్జీని కేంద్రం నిషేధించాక, దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ 2021 జులై 2న దాదాపు అదే ఆటకు కొత్త పేరు పెట్టి మన మీదికి వదిలింది. వదులుతూ పిల్లల మీద ఎక్కడలేని బాధ్యత ప్రకటించింది. నెత్తురు ఎర్రగా కాకుండా పచ్చగా చిందుతుంది. శత్రువును 'చంపడం' ఉండదు, 'ఫినిష్' చేయడమే. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు రోజుకు మూడు గంటలు మించి ఆడకూడదు, ఏడు వేలు మించి ఖర్చు చేయకూడదు. నెత్తురు రంగు మారింది గానీ రూపాయి రంగు చెక్కుచెదరలేదు.

ఏడు వేలంటే ఎంతో లెక్క చూద్దాం. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు. ఆ గుంటడి తల్లి చెరువు పనికి వెళ్లి మట్టి తట్ట మోస్తే, ఇరవై రెండు రోజులు మోసి, ఇరవై మూడో రోజు కూడా తట్ట ఎత్తితే తప్ప ఏడు వేలు కావు. ఆ సొమ్ము కొడుకు ఒక్కరోజు ఖర్చుకు హద్దు! రోజూ హద్దులోనే ఉంటూ బుద్ధిమంతుడిలా ఆడితే నెలకు రెండు లక్షల పది వేలు. చైనాలో 2019 నాటి నిబంధన చూడండి. ఎనిమిది నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు నెలకు 200 యువాన్లు, ఆపైన పద్దెనిమిది లోపువాళ్లు 400 యువాన్లు మాత్రమే ఆటల్లో ఖర్చు పెట్టాలి. పెద్ద మొత్తాన్నే తీసుకున్నా మన రూపాయల్లో నాలుగైదు వేలు, అదీ నెలంతటికీ. చైనా సంబంధం ఉందని ఆటను తరిమేశాం. చైనావాడు తన పిల్లలకు వేసిన కంచె మాత్రం మన కంట పడలేదు.

ఇక మూడు గంటల హద్దు సంగతి. నీకు పద్దెనిమిదేళ్లు నిండాయా అని ఆట అడుగుతుంది. నిండలేదని చెప్పే సత్యహరిశ్చంద్రుడికి పెద్దల ఫోన్ నంబరుకు ఓటీపీ పంపుతుంది. నాన్న గల్ఫ్‌లోనో చెన్నైలోనో పనిలో ఉంటే ఇంట్లో మిగిలిన ఆ ఒక్క ఫోనూ ఎవరి చేతిలో ఉంటుంది? తాళం వేసి, చెవిని దొంగ జేబులోనే పెట్టి, అనుమతి ఇచ్చే ముందు బాగా ఆలోచించుకో నాయనా అన్నారు. 2022 జులైలో ఈ ఆటా యాప్ దుకాణాల నుంచి మాయమై, 2023 మే నెలాఖరులో తిరిగొచ్చింది. వస్తూ పెద్దలకూ రోజుకు ఆరు గంటల హద్దు తెచ్చింది. పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్క కొట్టేవాళ్ల పనిదినంలో అది ముప్పావు వంతు. ఎంత కఠినమైన క్రమశిక్షణో!

ఇవన్నీ ప్రభుత్వం వైపు చూస్తూ పెట్టుకున్న హద్దులు. కంపెనీలు మనసుపెట్టి, ప్రేమగా అమలు చేసే హద్దులు వేరే ఉన్నాయి. అవి డబ్బు కట్టనివాడికోసం. 'ఉచితం' అని పిలిచి, కూర్చోబెట్టి, వచ్చినవాడు ఉచితంగా వచ్చాడన్న సంగతి నిమిష నిమిషానికీ గుర్తుచేసే విద్య అది. ఈ విద్య గొప్పతనం మన పెద్దవాళ్లకు బోధపడాలంటే దాన్ని మనకు తెలిసిన ఆటలో పెట్టి చూడాలి.

సంక్రాంతికి నిమ్మాడలో కబడ్డీ పెట్టారనుకోండి. ముగ్గుపిండితో గీతలు గీశారు, కుర్రాళ్లు లుంగీలు ఎగ్గట్టారు. ఇంతలో నగరం నుంచి ఒక మేనేజరు దిగాడు. మెళ్లో కార్డు, చేతిలో ల్యాప్‌టాప్.

"ఇకమీదట ఈ ఆట ఉచితమండీ" అన్నాడు.

"ఇన్నాళ్లూ డబ్బులిచ్చి ఆడేమా ఏటి?" అన్నారు పెద్దలు.

"అప్పుడు ఊరికే ఆడారు, ఇప్పుడు ఉచితంగా ఆడతారు. ఉచిత ఆటగాడికి ఎడమకాలు పూర్తిగా ఫ్రీ. కుడికాలు ప్రీమియం. ఔటయినవాడు మళ్లీ బరిలోకి రావాలంటే నాలుగు గంటలు ఆగాలి. ఆగలేకపోతే తొమ్మిది వజ్రాలు. వజ్రాలు విడిగా అమ్మం, పదేసి కట్టగా అమ్ముతాం. వజ్రాలూ వద్దంటే ముప్పై సెకన్లు లోన్ యాప్ ప్రకటన చూసి లేవచ్చు. రాయల్ పాస్ కొన్నవాడికి ఒంటికి ఆముదం రాస్తాం, ఎవరూ పట్టలేరు. అదృష్టం మూట ఒకటుంది. విప్పితే అందులో మంచి తొడ దొరకొచ్చు, చిరిగిన బనియనూ దొరకొచ్చు. ఇవాళ రాత్రి పన్నెండు దాకా సగం ధర."

"మరి కూత?"

"ఉచిత ఆటగాళ్లకు కూత ఉండదండీ. బూతులు తిడుతున్నారని ఫిర్యాదులొచ్చాయి."

"కూత నేకుండా కబడ్డీ ఏటి బావూ? కూత కూడా కొనుక్కోవాలా?"

"ఒక్కసారి ఏదైనా కొంటే చాలు, జీవితాంతం కూయొచ్చు."

ఈ మేనేజరు నోట నేను పెట్టిన మాటల్లో నా సొంత కల్పన చాలా తక్కువ. కాలికి ధర కట్టడం అతిశయోక్తి అనిపిస్తే 2012 నవంబరు సంగతి వినండి. స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్ అనే పెద్ద ఆటను ఉచితం చేస్తూ, డబ్బు కట్టనివాడికి తెర మీద బటన్ల వరుసలు రెండే ఇచ్చారు. విద్యలు నేర్చుకోవచ్చు, ఆ విద్యలు నొక్కే బటన్లు పెట్టుకునే చోటుకు మాత్రం డబ్బు కట్టాలి. ఆటలోకం పగలబడి నవ్వింది. గంటల తరబడి కాచుకోవడమో, వజ్రాలు పోసి కాలాన్ని కొనుక్కోవడమో అన్నది అదే ఏడాది వచ్చిన క్లాష్ ఆఫ్ క్లాన్స్ ప్రపంచమంతటికీ అలవాటు చేసింది. క్యాండీ క్రష్‌లో ఐదు ప్రాణాలు, పోయిన ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట. ఫ్రీ ఫైర్‌లో తుపాకీకి తొడిగే రంగుల స్కిన్‌లు చాలావరకు రంగుతో ఆగవు, దెబ్బనో వేగాన్నో కాస్త పెంచుతాయి. అదే మన ఆముదం. అదృష్టం మూటల్లో ఒక రకాన్ని 2012లోనే జపాన్ వద్దంది. 2018లో బెల్జియం, డబ్బుకు అమ్మే ఇలాంటి పెట్టెలు జూదమేనని తేల్చింది.

మన దగ్గర పేకాట మీద కన్నెర్ర చేయడంలో ఎవరూ తక్కువ తినలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ రమ్మీకి అడ్డుకట్ట వేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు పందెం ఆటల్ని నిషేధించింది. మంచిదే. అయితే పేకాటలో వెయ్యి పెట్టినవాడికి కనీసం రెండు వేలు వస్తాయన్న ఆశ ఉండేది. మూట విప్పేవాడు వెయ్యి పెట్టేది ఫోనులో ఒక బొమ్మ చొక్కా కోసం. గెలిచినా ఓడినా సొమ్ము తిరిగి రాదు కాబట్టి అది అమాయకమైన వినోదం! 'ఈ అవకాశం మరో పది నిమిషాలే' లాంటి తొందరపెట్టే మాయలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాల్లో తప్పని చెప్పింది. చెప్పింది సరే, గుంటల ఆట తెర మీద గడియారం ఇంకా వెనక్కి తిరుగుతూనే ఉంది.

కంపెనీవాళ్ల దగ్గర ఒక ప్రశ్న ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "సర్వర్లు ఊరికే నడుస్తాయా?" నడవవు. ప్రోగ్రామర్లకు జీతాలివ్వాలి, కరెంటు బిల్లు కట్టాలి. ఎవరూ కాదనలేదు. అమ్ముకోవడానికి ఏముందన్నదే అసలు ప్రశ్న. డోటా 2లో వీరులందరూ అందరికీ ఉచితం. అమ్మేది అలంకారాలు. అలా అమ్మిన బ్యాటిల్ పాస్ సొమ్ములో నాలుగో వంతు పక్కన పెడితే, 2021లో జరిగిన ఆ ఆట ప్రపంచ పోటీకి బహుమతి నిధి 4 కోట్ల డాలర్లు దాటింది. నాలుగో వంతే అంత అయితే మిగతా మూడు వంతులు ఎంతో మీరే వేసుకోండి. అక్కడా మూటలు అమ్మారు, ఆ పాపం వాళ్ల ఖాతాలో అలాగే ఉంది. గెలుపును మాత్రం అమ్మలేదు. అమ్మకుండానే కడుపు నిండింది.

కంపెనీల రెండో మాట కాస్త బరువైనది. "ఉచితం అనగానే దొంగ ఖాతాలు వేలకు వేలు పుడతాయి. బాట్లు వస్తాయి, బూతులు వస్తాయి. అందుకే కట్టడి." ఇది నిజమైన బాధ. టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే ఆటను వాల్వ్ కంపెనీ 2011 జూన్‌లో ఉచితం చేసింది. తర్వాత కొన్నేళ్లకు మనిషి లేకుండా నడిచే బాట్లు చొరబడి, కంటపడ్డవాడినల్లా కాల్చుతూ చాట్ అంతా చెత్తతో నింపేశాయి. 2020లో కంపెనీ కనిపెట్టిన మందు, ఏమీ కొనని కొత్త ఖాతాల నోరు కట్టేయడం. మాట్లాడకూడదు, రాయకూడదు. నలుగురు కలిసి ఆడే ఆటలో "వెనకాల ఉన్నాడు చూసుకో" అని పక్కవాడికి చెప్పకూడదు. బాట్లను నడిపేవాడికి ఒక చిన్న వస్తువు కొని నోరు తెరిపించుకోవడం లెక్కా? నోరు పోయింది ఏ ఊళ్లోనో ఉన్న నిరుపేద కుర్రాడికి. బాట్లు అలాగే ఉండిపోయాయి. 2022లో ఒకసారి, 2024లో మరోసారి ఆటగాళ్లు లోకమంతా గోల పెడితే గానీ కంపెనీ గట్టిగా కదలలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతకు ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక్కడే కంపెనీలకు తట్టని విషయం ఒకటుంది. ఉచితంగా ఆడేవాడు వాళ్లకు భారం అనుకుంటున్నారు. అతడే వాళ్ల సరుకు. బీజీఎంఐలో వందమంది విమానంలోంచి దీవి మీదికి దూకుతారు. ఆ వందలో డబ్బు కట్టినవాళ్లను మాత్రమే ఉంచితే విమానం చాలా భాగం ఖాళీ. అప్పుడు వేలు పోసి కొన్న బంగారు కోటును చూసేదెవరు? ఆ కోటువాడి చేతిలో ఫినిష్ అయ్యేదెవరు? జనం విలువ నిమ్మాడకు ఎవరూ చెప్పక్కర్లేదు. కేంద్ర మంత్రిగా చేసిన ఎర్రన్నాయుడి సొంతూరది. ఈనాడు కేంద్రంలో ఒక మంత్రి, రాష్ట్రంలో ఒక మంత్రి ఆ ఇంటివాళ్లే. మీటింగుకు జనం రాకపోతే వేదిక మీద ఉన్నవాళ్లకు పనేమీ ఉండదని అక్కడ చంటిపిల్లాడికి కూడా తెలుసు. వచ్చిన జనం నోటికి ప్లాస్టర్ వేసి, ఒంటికాలి మీద నిలబెట్టే పార్టీ ఏదీ ఇంతవరకు పుట్టలేదు. ఆ తెలివి ఆటల కంపెనీలకే వచ్చింది.

అయితే కట్టడే వద్దా? కావాలి. ఎక్కడ, ఎవరికి అన్నదే తేలాలి. కొత్తగా వచ్చినవాడి నోటికి కొన్నాళ్లు తాళం వేయండి, తప్పులేదు. ఆ తాళం చెవి పది ఆటలు బుద్ధిగా ఆడితే దొరకాలి, కొట్లో అమ్మకూడదు. డబ్బు కట్టినవాడు బూతు కూసినా అదే తాళం పడాలి. మన జట్టువాడితో మాట్లాడడం, స్నేహితుడిని పిలుచుకోవడం, అందరితో సమానమైన తుపాకీ పట్టుకోవడం ఆటలో భాగం. వాటికి ధర కడితే అది ఆట పేరుతో పెట్టిన టోల్‌గేటు. ఆటగాళ్లు ఆట వస్తువులు మార్చుకునే బేరాల్లో దొంగలుంటే బేరానికి గడువు పెట్టండి, బేరగాడి పేదరికానికి శిక్ష వేయకండి. పిల్లల ఖర్చుకు హద్దు పెడతారా? ఆ హద్దు ఆడేవాడి ఇంటి కూలిని చూసి పెట్టండి, సియోల్‌లో జీతాలను చూసి కాదు. మూటలో ఏముందో విప్పకముందే చూపించి, ధర రూపాయల్లో రాయండి. వజ్రాలు, యూసీలు అంటూ మారకం పెట్టింది లెక్క మరిచిపోవడానికే అని మాకూ తెలుసు.

మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగనూనె రాసుకునే సరదా మనవాళ్లకు ఎప్పటినుంచో ఉంది. ఆ నూనె ఎంతకైనా అమ్ముకోండి, అరలీటరు సీసాకు వెయ్యి రాసుకోండి, కొనేవాడు కొంటాడు. మెతుకు జోలికి మాత్రం రాకండి. వచ్చే కంపెనీ ఎవరైనా ముందు 'ఉచితం' అన్న బోర్డు పీకేసి, కూతకెంత, కాలికెంత, ప్రాణానికెంత అని ధరల పట్టిక కట్టాలి. పట్టిక చదివి పోవాలో ఉండాలో మా గుంటలు తేల్చుకుంటారు. చదువుకున్నవాళ్లే మరి, మీ ఆటల్లో పడి మానేయనంత వరకూ.