గుప్పెడు పొడి

ఎల్లంతకుంట నుంచి మా కాక మొదటి బస్సుకే దిగాడు. ఖాళీ సంచిలో చుట్టిన ఐసు డబ్బా, అందులో చచ్చిన గొర్రె కార్జం ముక్క.

"రెండు సూడి గొర్లు పోయినయి బిడ్డా. కండ్లు పచ్చవడ్డయి, ఉచ్చ ఎర్రగ వచ్చింది. మా పాలోని పనే. పొలంల నాచుకు వేసే మైలుతుత్తం తొట్టిల కలిపిండు. నువ్వు కాయితం రాసియ్యి, ఠాణాకు పోత."

మైలుతుత్తంలో ఉండేది రాగి. దాన్ని కొలవడమే నా ఉద్యోగం. ముక్కను రాత్రంతా ఆరబెట్టి, తూచి, నైట్రిక్ యాసిడ్‌లో వేడి చేశాను. ఎర్రమన్ను రంగు పొగలు లేచి లేచి ఆగాక, కార్జమంతా కరిగి తేట నీళ్లయింది. ఆ నీళ్లను మంటలోకి చిమ్మితే, రాగి దీపం నుంచి వచ్చే 324.8 నానోమీటర్ల కాంతిని అందులోని రాగి పరమాణువులు మింగుతాయి. ఎంత కాంతి తగ్గితే అంత రాగి. 1955లో ఆస్ట్రేలియాలో ఆలన్ వాల్ష్ చూపిన దారి ఇది. నేను దాన్ని ఇప్పటికీ అబ్బురంగానే చూస్తాను.

ఎండు కార్జం కిలోకు 500 మిల్లీగ్రాములు దాటకూడని రాగి, వెయ్యి దాటింది.

కాక మాటే నిజమైంది. కాగితం తీసి ఊరి పేరు రాశాను. అక్కడ చెయ్యి ఆగింది. ఒక్క రాత్రి తొట్టిలో కలిపితే కార్జంలో ఇంత పేరుకోదు. గొర్రె ఒంటికి రాగిని బయటికి పంపడం సరిగా చేతకాదు. బర్రెకు బలమిచ్చే మోతాదే గొర్రెలో వారాలు, నెలలు కూడుతూ, చెరువుకట్ట తెగినట్టు ఒకనాడు నెత్తురులోకి దూకుతుంది. ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకే ఆ కామెర్లు, ఆ ఎర్ర ఉచ్చ.

"కాకా, వీటికి కొత్తగ ఏమన్న పెట్టినవా?"

"పాడు తిండేం పెట్టలే బిడ్డా. బర్రెను అమ్మినంక బలం పొడి మిగిలింది. కడుపుతోని ఉన్నయని ఈ రెండిటికే పెట్టిన. మనవరాలు చదివి చెప్పినట్టే, ఒక్క దినం తప్పియ్యలే."

డబ్బాకు చుట్టి తెచ్చిన సంచిని విప్పి, చేత్తో సాపు చేసి నా ముందు పెట్టాడు.

దాని మీద నల్ల మార్కర్‌తో నా చేతిరాత: "రోజూ గుప్పెడు. మరవద్దు."